ముప్పావు గ్రాము

"మేడమ్, జర ఇటు రాండ్రి" అని ఆదివారం పొద్దున ఇక్రాముద్దీన్ పిలిచేటప్పటికి ప్రతిమ అద్దాల పెట్టెల్లో పెట్టాల్సిన పేరు చీటీలను వరసగా సర్దుతోంది. అతను గొంతు పెంచి పిలిచే మనిషి కాదు. ఇప్పుడూ పెంచలేదు. కాని రెండు చేతులూ బల్ల మీంచి తీసి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. పని మధ్యలో అతని చేతులు ఖాళీగా ఉండటం ఆమె ఎప్పుడూ చూడలేదు.

ఖతార్‌లో, అల్ అజీజియాలోని అబూ జాసిమ్ విల్లా వెనక కట్టిన పొడవాటి గది అది. ముసలాయన నలభై ఏళ్ళుగా పోగు చేసిన పాత నాణేలన్నీ అక్కడ ఇనప అరల్లో ఉంటాయి. మార్చిలో ఒకే అమ్మకందారు దగ్గర కొన్న నలభై ఒక్క రోమన్ వెండి నాణేలను నవంబరులో ప్రదర్శనకు పెట్టబోతున్నారు. అన్నిటి మీదా యుద్ధానికి సంబంధించిన బొమ్మలే. కొయ్యకు తగిలించిన శత్రువు కవచం, దాని కింద చేతులు వెనక్కి కట్టేసిన ఖైదీ, ఈటె ఎత్తిన రౌతు, ఒకదాని మీద ఒకటి పేర్చిన డాళ్ళు. వాటి వివరాలు రాసి రిజిస్టరు నడపడం ప్రతిమ ఉద్యోగం. వాటిని శుభ్రం చెయ్యడం ఇక్రాముద్దీన్ పని.

"ఏమైంది ఇక్రామ్ భాయ్?"

అతను కుర్చీ వదిలి పక్కకు జరిగాడు. ఆమె మైక్రోస్కోపులోకి వంగింది.

అది పదిహేడో నంబరు నాణెం. ఒక వైపు యుద్ధనౌక, దువ్వెన పళ్ళలా తెడ్లు. ఇటు వైపు రెండు ధ్వజాల మధ్య కర్ర మీద నిలబెట్టిన గద్ద, కింద ఆరో దళం అని అక్షరాలు. రోమన్ సేనాని ఆంటొనీ తన సైనికులకు జీతాలివ్వడానికి కొట్టించిన రకం. కుడి ధ్వజం పక్కన అంచు మీద మార్చి నుంచీ నల్లగా గడ్డకట్టిన మట్టి ఉండేది. ఇప్పుడది లేదు. దాని చోట నువ్వుగింజంత ఎర్రటి మచ్చ ఉంది.

"రాగి" అంది ప్రతిమ.

"రాగే. పైన వెండి రేకు, లోపల రాగి బిళ్ళ. నేను గీకలేదు మేడమ్. మూడు దినాలు డిస్టిల్డ్ వాటర్ల నానవెట్టి వెదురు పుల్లతోని తీసిన. మట్టితోని రేకు లేసొచ్చింది."

ఇక్రాముద్దీన్ జగిత్యాల మనిషి. చార్మినార్ దగ్గర మిఠాయిల మీద వేసే వెండి వరఖ్ కొట్టే దుకాణంలో ఇరవై ఏళ్ళు సుత్తి పట్టి, ఆ పని తగ్గిపోయాక ఖతార్ వచ్చాడు. వెండి రేకు సంగతి ఈ గదిలో అతనికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. ఆమె ఆ మచ్చని మళ్ళీ చూసింది. రేకు ఎంత పల్చగా ఉందో చిరిగిన అంచు దగ్గర కనిపిస్తోంది.

క్యూరేటర్ సుధాకరరావు గారు తన గదిలోంచి వచ్చారు. అరవై దాటిన మనిషి, మాట మెత్తన. ఈ నాణేన్ని ఆ అమ్మకందారు దగ్గర ఎంపిక చేసి అబూ జాసిమ్ చేత కొనిపించింది ఆయనే. ప్రదర్శన కోసం అచ్చు వేయించిన పుస్తకం అట్ట మీద బొమ్మ కూడా దీనిదే. ఆ పుస్తకాలు మొన్ననే ప్రెస్సు నుంచి వచ్చి గోడవారగా కట్టలు కట్టలుగా ఉన్నాయి.

ఆయన మైక్రోస్కోపు లోంచి చాలాసేపు తల ఎత్తలేదు. ఎత్తాక, "తూచు" అన్నారు.

ఇక్రాముద్దీన్ నాణేన్ని తూకం మెషీన్ మీద పెట్టి గాజు మూత దించాడు. అంకెలు కొంచెం ఊగి నిలబడ్డాయి. 2.87.

"రిజిస్టర్లో ఎంతుందమ్మా?"

ప్రతిమ తెరిచి చూపించింది. 3.62. పక్కన 'తూచినవారు' అన్న గడిలో ఆమె సంతకం.

"ముప్పావు గ్రాము" అన్నారాయన. "ఎక్కడికి పోయింది ఇక్రాముద్దీన్?"

"నేను ముట్టకముందు గూడ గింతే ఉండె సార్."

"అయితే రిజిస్టరు తప్పంటావా?"

అతను నాణెం వైపే చూస్తున్నాడు. ప్రతిమ వైపు చూడలేదు. చూసింది సుధాకరరావు గారే.

"నువ్వే కదమ్మా తూచింది?"

మార్చిలో ఈ నాణేలు వచ్చిన వారం తూకం మెషీన్ సరిచూపించడానికి కంపెనీకి వెళ్ళి ఉంది. అది వచ్చాక తూద్దామనుకుని ప్రతిమ అమ్మకందారు కాగితాల్లోంచి నలభై ఒక్క బరువులూ దించేసింది. మెషీన్ పది రోజులకు వచ్చింది. అప్పటికి వేరే పని మీద పడింది. సంతకాల గడి మాత్రం ఖాళీగా వదల్లేదు.

"అవునండీ" అంది.

సోమవారం పొద్దున ఇక్రాముద్దీన్ బల్ల మీద అతని వెదురు పుల్లల డబ్బా లేదు, దీపం ఆర్పి ఉంది. అతన్ని గేటు పక్కన సెక్యూరిటీ గదిలో కూర్చోమన్నారని ఆఫీసు అబ్బాయి చెప్పాడు. లోపలికి రాకూడదు, అలాగని పనివాళ్ళుండే క్యాంప్‌కి వెళ్ళిపోనూ కూడదు. డ్యూటీ వేళంతా అక్కడే ఉండాలి.

సుధాకరరావు గారు ఆమెను గదిలోకి పిలిచి తలుపు దగ్గరగా వేశారు.

"యాసిడ్‌లో ముంచి ఉంటాడు. త్వరగా అవుతుందని అలా చేస్తారు. నేను గట్టిగా ఏం అనలేదులే. పనిలో పొరపాటు జరిగిందని ఒక కాగితం రాసిమ్మన్నాను. టికెట్ మనమే కొనిచ్చి పంపించేద్దాం. పోలీసులూ అదీ అంటే అతనికే కష్టం."

"యాసిడ్ అయితే బొమ్మ కూడా అరిగిపోవాలి కదండీ. గద్ద రెక్కల్లో ఈకలు కూడా కనిపిస్తున్నాయి."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "కొన్నిసార్లు అంత తెలియదమ్మా" అన్నారు. ఆ తర్వాత, తన భార్య వేదవతి గారు మాగాయ పెట్టారనీ, సాయంత్రం వెళ్ళేటప్పుడు సీసా తీసుకెళ్ళమనీ చెప్పారు. రెండేళ్ళ కిందట ప్రతిమను ఈ ఉద్యోగంలో చేర్చింది ఆయనే. సెలవు రోజు శుక్రవారం సాయంత్రాలు వాళ్ళింటికి కాఫీకి వెళ్ళడం ఆమెకి అలవాటు.

ఆ సాయంత్రం ఆస్పైర్ పార్కులో చెరువు చుట్టూ నడుస్తూ భర్తకు చెప్పింది. జయంత్ లుసైల్‌లో ఒక ఇంజనీరింగ్ కంపెనీలో పని చేస్తాడు. అడుగు తగ్గించకుండా అంతా విన్నాడు.

"తూచలేదని నీకు తప్ప ఎవరికైనా తెలుసా?"

"తెలియదనుకుంటా."

"చెబితే నీ ఉద్యోగం పోతుంది."

"పోతే పోతుంది. నా వీసా నీ మీద ఉంది. రేపు నేను ఇంట్లో కూర్చున్నా మనం ఇక్కడే ఉంటాం. అతను అలా కాదు కదా."

"ఉద్యోగం ఒక్కటే కాదు. తూచకుండా సంతకం పెట్టిందంటే ఇంకెక్కడా ఇలాంటి పని ఇవ్వరు నీకు." కొంచెం దూరం వెళ్ళాక మళ్ళీ అన్నాడు. "చెప్పొద్దనట్లేదు. ఏమవుతుందో తెలుసుకుని చెప్పమంటున్నాను. ఆదివారం ఎందుకు చెప్పలేదసలు?"

ఆమె భయపడ్డానని అనలేకపోయింది. ఆ క్షణంలో భయం లేదు. అడిగారు, అవునంది, అంతే. నోటికి అదే దగ్గరగా ఉంది.

మంగళవారం ఆమె తలుపు వేసుకుని మిగతా నలభై నాణేలనూ తూచింది. ఒక్కొక్కటే చేతి తొడుగులతో తీసి, మెషీన్ మీద పెట్టి, అంకె నిలబడేదాకా ఆగి, విడి కాగితం మీద రాసుకుంది. రెండు గంటలు పట్టింది. నలభైలో ఒక్కటి కూడా గ్రాములో రెండు మూడు వందో వంతులకు మించి తేడా రాలేదు. అమ్మకందారు నలభై నాణేల బరువు సరిగ్గానే రాశాడు. ఒక్కదానికి రాయలేదు. పొరపాటున రాయలేదో, లోపల ఏముందో తెలిసే రాయలేదో ఇప్పుడు చెప్పేవాళ్ళు లేరు. వెండికంటే రాగి తేలిక కాబట్టి, మార్చిలో ఆ ఒక్కటి తూచి ఉంటే ఆ రోజే తెలిసిపోయేది. నాణేన్ని తిప్పి పంపేసేవాళ్ళు.

మధ్యాహ్నం భోజనాల వేళ సెక్యూరిటీ గదికి వెళ్ళింది. నేపాలీ గార్డు లేచి బయటికి నడిచాడు. ఇక్రాముద్దీన్ టిఫిన్ డబ్బా కడిగి, బోర్లించి, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఆమెను చూసి నిలబడ్డాడు.

"కూర్చోండి ఇక్రామ్ భాయ్. ఒక మాట చెప్పడానికి వచ్చాను. మార్చిలో నేను ఆ నాణేలు తూచలేదు."

"తెల్సు మేడమ్."

ఆమె రెండో కుర్చీలో కూర్చుంది.

"మీ రిజిస్టర్ల అంకెలు, ఆ అమ్మినోని కాగితంల అంకెలు, నలభై ఒక్కటికి ఒక్కతీరుగనే ఉన్నయి. తూస్తె గట్ల రాదు. ఆఖరి అంకెలన్న తేడా వస్తది. మెషీన్‌కు మెషీన్‌కు వస్తది, ఏసీ గాలికి గూడ వస్తది. నేను ఏదన్న పని వట్టేముందు తూస్త. వరఖ్ దుకాణంల నేర్పిన అలవాటు. బుధారం దీన్ని తూసిన, రెండు పాయింట్ ఎనిమిది ఎనిమిది ఉండె. చీటీ మీద రాసి పెట్టిన."

"ఆ చీటీ ఏది?"

"ఆదివారం మధ్యాహ్నమే సార్‌కు ఇచ్చిన. చూసిండు. ఇది ఆఫీస్ కాగితం గాదు గదా అన్నడు. జేబుల పెట్టుకున్నడు."

బయట ఎవరిదో కారు వచ్చింది. గార్డు గేటు తెరిచి, మళ్ళీ మూశాడు.

"నేను తూచలేదని ఆయనకి చెప్పారా?"

"చెప్పలే."

"ఎందుకు?"

"నన్ను ఎవరడిగిండ్రు?" అన్నాడు. కోపంగా అనలేదు. "నేను చెప్తె మేడమ్ మీద వేస్తున్నవా అంటరు. మీరేమో తూసిన అన్నరు. ఇద్దరు చదువుకున్నోళ్ళ మాట, నా మాట. ఎవల్ది నిలుస్తది?" చొక్కా జేబులోంచి మడత పెట్టిన కాగితం తీసి చూపించాడు. పనిలో నిర్లక్ష్యం వల్ల నాణెం పాడు చేశానని ఇంగ్లీషులో టైపు చేసి ఉంది. కింద సంతకానికి చోటు. "బేస్తవారం లోపట పెట్టుమన్నరు. పెడ్త. పెట్టకపోతె పోలీస్ అన్నరు. ఇంట్ల నా భార్య వజీరున్నీసాకు కంపెనీల పని అయిపోయిందని చెప్పిన."

"పెట్టకండి. రేపొక్క రోజు ఆగండి."

అతను కాగితాన్ని అవే మడతల మీద మడిచాడు. ఆగుతాననీ అనలేదు, ఆగననీ అనలేదు.

"ఆ నాణెం సిపాయికి జీతం కింద ఇచ్చేదట గదా మేడమ్. చీటీల మీరే రాసిన్రు."

"అవును."

"వాడు గూడ బరువు చూస్కోకుంటనే తీస్కున్నడేమో. గద్ద బొమ్మ మంచిగున్నది గదా" అన్నాడు.

బుధవారం పొద్దున సుధాకరరావు గారు పుస్తకాల కట్ట విప్పి, అబూ జాసిమ్‌కి ఇవ్వాల్సిన మొదటి ప్రతి మీద తన పేరు రాస్తున్నారు. ప్రతిమ రిజిస్టరు తెచ్చి బల్ల మీద పెట్టింది. పదిహేడో నంబరు ఎదురుగా 3.62ని ఒక గీతతో కొట్టేసి, పైన 2.87 అని రాసింది. పక్కన, 'వచ్చినప్పుడు నేను తూచలేదు, అమ్మకందారు కాగితం నుంచి తీసుకున్నాను' అని రాసి తేదీ వేసి సంతకం పెట్టింది. ఆయన చూస్తూ ఉండగానే రాసింది.

"రిజిస్టరు ఎవరు చదువుతారమ్మా?" అన్నారాయన.

"ఇక్రాముద్దీన్ ఇచ్చిన చీటీ మీ దగ్గరుందటండీ."

ఆయన కాదనలేదు. సొరుగు లాగి, కాగితాల మీద విడిగా పెట్టిన చిన్న చీటీని చూపించారు. పెన్సిల్‌తో ఉర్దూలో రెండు ముక్కలు, అంకెలు. "చింపలేదు. చూశావుగా. నేను దొంగని కాదు ప్రతిమా."

"మరి తెలిసే అతన్ని పంపిస్తున్నారు కదండీ."

"కూర్చో." ఆమె కూర్చోలేదు. ఆయన పుస్తకం అట్ట మీద చెయ్యి వేసి మాట్లాడారు. "ఇది కొనమన్నది నేను. ముప్పై ఏళ్ళుగా నాణేలు చూస్తున్నాను. చేతిలో పెట్టుకుంటే తెలియాల్సింది. తెలియలేదు. ఆ వారం జ్వరంగా ఉంది, అది వేరే సంగతి. రాగి బిళ్ళ అని తేలితే ఆయన ఇంకెప్పుడూ నా మాట మీద ఒక్కటి కూడా కొనడు. శుభ్రం చేసేటప్పుడు పాడైందంటే, ఆయన కొన్నది మంచిదే, నేను చెప్పింది మంచిదే. ఒక మనిషి ఇంటికి వెళతాడు, అంతేగా. అతనికి పని దొరుకుతుంది. చేతిలో విద్య ఉంది."

"అతను చెయ్యలేదు కదండీ."

"నువ్వు తూచానన్నావు కదమ్మా."

అది నిజమే. ఆయన దెప్పిపొడిచినట్టు కాక, లెక్క చెప్పినట్టే అన్నారు. ఆమె రిజిస్టరు మూసి చేతిలోకి తీసుకుంది.

"రేపు అబూ జాసిమ్ గారు వస్తారు కదండీ. నేనే చెబుతాను. మీ గురించి ఏం చెప్పను. నేను తూచలేదన్నది చెబుతాను."

"నీ ఇష్టం" అన్నారాయన. కలం మూత పెట్టి, మళ్ళీ తీసి, అసంపూర్తిగా ఉన్న సంతకం పూర్తి చేశారు.

గురువారం పదకొండింటికి అబూ జాసిమ్ వచ్చాడు. ఎనభైకి దగ్గర పడ్డ మనిషి. ఉత్తర తీరంలోని అల్ రువైస్‌లో పుట్టినవాడు. చేతికర్ర తలుపు దగ్గరే వదిలేసి, పెట్టెల అంచులు పట్టుకుంటూ నడిచాడు. ఖైదీ నాణెం దగ్గర, గుర్రపు రౌతు దగ్గర ఆగాడు. పదిహేడో పెట్టె ఖాళీగా ఉండటం చూసి సుధాకరరావు గారి వైపు తిరిగాడు.

"చిన్న ప్రమాదం జరిగింది సర్" అని ఆయన మొదలుపెట్టారు.

"ప్రమాదం కాదండీ" అంది ప్రతిమ ఇంగ్లీషులో. మధ్యలో అడ్డం వెళ్ళడం ఆమెకు అలవాటు లేదు. మాట అనుకున్నదానికంటే పెద్దగా వచ్చింది. నాణేన్ని చిన్న ట్రేలో పెట్టి తెచ్చింది. రిజిస్టరు తెరిచి కొట్టేసిన అంకె చూపించింది. తను తూచలేదని, తూచానని అబద్ధం చెప్పానని, అందుకే ఒక మనిషి నాలుగు రోజులుగా గేటు దగ్గర కూర్చున్నాడని చెప్పింది. చెప్పడానికి రెండు నిమిషాలు పట్టలేదు.

ముసలాయన కుర్చీ అడిగి కూర్చున్నాడు. తూకం మెషీన్ దగ్గరికి తెప్పించుకుని నాణేన్ని తనే దాని మీద పెట్టాడు. అంకె చూశాడు. తీసి మళ్ళీ పెట్టాడు. అదే అంకె. భూతద్దంతో ఎర్ర మచ్చని చూశాడు.

"దొంగ నాణెమా?" అని అడిగాడు.

సుధాకరరావు గారు దగ్గరికి వచ్చారు. "ఆ కాలందే సర్. అప్పట్లోనే ఎవరో రాగి మీద వెండి రేకు చుట్టి కొట్టారు. ఇలాంటివి దొరుకుతుంటాయి."

"నీకు కనిపించలేదు."

"లేదు సర్."

"నాకూ కనిపించలేదు. ఎవరు పట్టుకున్నారు?"

"ఇక్రాముద్దీన్" అంది ప్రతిమ.

"రెండు వేల ఏళ్ళ దొంగని పట్టుకున్నాడు. అతన్ని ఎందుకు పంపించేస్తున్నాం?"

ఇక్రాముద్దీన్‌ని పిలిపించారు. అతను లోపలికి వచ్చి, బూట్లు విప్పే చోట విప్పి, తన బల్ల దగ్గరికి కాకుండా గోడ పక్కన నిలబడ్డాడు. ముసలాయన అతనితో హిందీలోనూ అరబ్బీలోనూ కలిపి మాట్లాడాడు. జేబులో కాగితం అడిగి తీసుకున్నాడు. సంతకం చోటు ఖాళీగా ఉంది. చదవలేదు, మడిచి ఖమీసు జేబులో వేసుకున్నాడు. నాణేన్ని ఎర్ర మచ్చ పైకి కనిపించేట్టు పెట్టెలో పెట్టమన్నాడు. పేరు చీటీ కొత్తగా రాయమన్నాడు. మొత్తం నాణేలన్నీ, అరల్లో ఉన్నవి కూడా, మళ్ళీ తూచాలని, ఇకనుంచి ఇక్రాముద్దీన్ తూస్తే గాని రిజిస్టర్లో ఎక్కకూడదని చెప్పి కర్ర అందుకున్నాడు. ప్రతిమ వైపు చూడలేదు. చూడలేదని ఆమె గమనించింది.

ఆదివారం ఆమెకు ఉత్తరం ఇచ్చారు. నెల రోజుల నోటీసు. ఆ లోపల తూకాల పని పూర్తి చేసి రిజిస్టరు అప్పగించాలి. కింద సుధాకరరావు గారి సంతకం. ఆయన ఉద్యోగానికి ఏమీ కాలేదు. కవరు చేతికిస్తూ, "ఇది నేను అనుకున్నది కాదమ్మా, పైనుంచి వచ్చింది" అన్నారు. కొంచెం ఆగి, "వేదవతి నిన్ను అడిగింది" అన్నారు. ప్రతిమ తల ఊపింది. జయంత్‌కి ఫోన్లో చెబితే అతను, "సరే. సాయంత్రం త్వరగా వస్తాను" అన్నాడు.

తూకాలు సోమవారం మొదలుపెట్టారు. మొత్తం పదకొండు వందల పైచిలుకు నాణేలు. ఇక్రాముద్దీన్ తన బల్ల మీది దీపం వెలిగించాడు. మెషీన్ ఉన్న చోటు ఏసీ గాలికి ఎదురుగా ఉందని దాన్ని మూలకు జరిపాడు. మట్టం చూసి ఒక కాలు కింద కాగితం మడత పెట్టాడు. ప్రతిమ రిజిస్టరు తీసుకుని ఎదురుగా కూర్చుంది. అతను తూచి అంకె చదువుతాడు. ఆమె రాసి తిరిగి చదువుతుంది. అప్పుడు అతను 'తూచినవారు' గడిలో సంతకం పెడతాడు. అతని సంతకం కొంచెం పెద్దది, గడి దాటి పక్క గీత మీదికి వస్తోంది.

పొద్దున పూట అరవై దాకా అయ్యాయి. ఇద్దరూ అంకెలు తప్ప వేరే మాట్లాడలేదు. అతను థాంక్స్ చెబుతాడని ఆమె ఎదురుచూడలేదు. చెప్పకపోతే బాగుండునని కూడా అనుకుంది. కాని ఏదో ఒకటి అంటాడని మాత్రం అనుకుంది. టీ తాగేటప్పుడు తనే అడిగింది.

"ఇంట్లో చెప్పారా ఇక్రామ్ భాయ్? పని ఉందని?"

"చెప్పిన. వజీరున్నీసా నమ్మలే. పోయిన వారం లేదంటివి, ఈ వారం ఉందంటివి, ఏది నిజమని అడిగింది." కప్పు పక్కన పెట్టి చేతులు తుడుచుకుని తొడుగులు వేసుకున్నాడు. "మీ ఉద్యోగం పోయిందట గదా."

"పోయింది."

"ఆదివారం నాడే చెప్తె బాగుండు మేడమ్. మీ ఉద్యోగం ఎట్లయినా పోతుండె. నేను నాలుగు దినాలు ఆ కుర్చీల కూసోకపోదును. క్యాంప్‌ల అందరు అడిగిన్రు, ఏం దొంగతనం జేసినవని. ఇప్పుడు చెయ్యలేదని ఒక్కొక్కనికి ఎక్కడ చెప్పుకుంట తిరుగుత?"

ప్రతిమ ఏదో అనబోయింది. అతను అప్పటికే తర్వాతి నాణేన్ని మెషీన్ మీద పెట్టి గాజు మూత దించాడు. అంకెలు ఊగుతున్నాయి. ఆమెకు ఎదుటివైపు నుంచి అవి తలకిందులుగా కనిపిస్తున్నాయి. చదవగలదు, కాని చదవలేదు. కలం పట్టుకుని అతను చెప్పేదాకా ఆగింది.

"మూడు పాయింట్ ఏడు సున్న" అన్నాడు. "రాయుండ్రి."